బావ చేత సార్ అనిపించుకున్న పందెం

పోయిన నెల మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, నాయిన రిటైర్మెంట్ ఫంక్షన్ల నువ్వు గా పందెం ముచ్చట చెప్పాలె. అందరు అదే అడుగుతున్నరు," అంది. సరేనన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక చేతిలోని చాయ్ తాగబుద్ధి కాలేదు. గోదావరిఖనిలో మా బంధువుల ఏ పెళ్లికి పోయినా, ఏ తొట్టెల ఫంక్షన్‌కు పోయినా ఆ ముచ్చట చెప్పి నవ్వించింది నేనే. అందులో ఒక ముక్క మాత్రం ఎప్పుడూ మింగేస్తూ వచ్చాను.

మా అక్క భర్త బొగ్గుగనిలో సర్దార్. షిఫ్టులో తన మనుషులను లోపలికి తీసుకుపోయి, పని చేయించి, అందరినీ లెక్కపెట్టుకుని పైకి పంపే బాధ్యత ఆయనది. నేను కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఒక వానాకాలం బావ కాలు విరిగి ఇంట్లో ఉండిపోయాడు. ఏమీ తోచక కూతురి కంప్యూటర్ పుస్తకాలు తిరగేసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, మీసం దువ్వుకుంటూ నన్ను పందేనికి పిలిచాడు. ఒకటి నుంచి వంద దాకా అంకెలు అచ్చు కావాలి. మూడుతో భాగింపబడే అంకెకు బదులు ‘బొగ్గు’ రావాలి, ఐదుతో అయితే ‘బండ’, రెండింటితోనూ అయితే ‘బొగ్గుబండ’. ఎవరి ప్రోగ్రాం పొట్టిగా ఉంటే వాళ్లది గెలుపు. ఓడినవాడు గెలిచినవాణ్ని జీవితాంతం సార్ అని పిలవాలి. ఈ షరతు పెట్టింది బావే, తనే గెలుస్తానన్న ధీమాతో.

వరండాలో వంకాయలు తరుగుతున్న అక్క, "పొడుగు రాసినోడు గెలుస్తడు గని, పొట్టిగ రాసినోడు గెలుసుడేంది?" అని మమ్మల్ని ఎగాదిగా చూసింది. మేం వినిపించుకునే స్థితిలో లేం. ఖాళీలు తీసేశాం, బ్రాకెట్లు ఊడబీకాం. చివరికి ఇద్దరివీ సమానంగా వచ్చాయి. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. ఒకటి నుంచి మొదలుపెట్టమని చెప్పకపోతే కంప్యూటర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఆ ఒకటినీ, పక్కనున్న కామానూ తీసేస్తే రెండు గుర్తులు తగ్గుతాయి.

"సున్నా నుంచి మొదలువెడితే ఎట్లుంటది బావా?" అని నెమ్మదిగా అడిగాను.

"సున్నా నంబర్ మనిషి ఎవడుంటడుర? నేను లెక్కవెడితే ఒకటి నుంచే," అన్నాడు.

చప్పుడు చేయకుండా నా దాంట్లో ఆ రెండూ కొట్టేశాను. సున్నా కూడా రెండింటితోనూ భాగింపబడేదే కాబట్టి, దాని స్థానంలో ఒక బొగ్గుబండ ఎక్కువొచ్చింది గానీ, అది తెర పై అంచు దాటి కనపడకుండా పోయింది. కింద మిగిలినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. బావ ఓడిపోయాడు.

ఆనాటి నుంచి మాట తప్పలేదాయన. పెద్దపల్లి బస్సులో, "సార్‌కు జర సీటియ్యుండ్రి," అని కేకేసేవాడు. పెళ్లి పంక్తిలో, "సార్‌కు ఇంకో గరిటె పప్పెయ్యి," అనేవాడు. అలా అన్నప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు.

ఫంక్షన్ హాల్లో ముందు వరుసల నిండా ఆయన షిఫ్టు మనుషులే. "ఇప్పుడు మా సార్ మాట్లాడుతడు," అని బావ మైకు నా చేతికిచ్చాడు. తన మనుషుల మధ్య, ఆఖరి డ్యూటీ దిగిన రోజున, ఆయనను ఇంకోసారి ఓడినవాడిగా నిలబెట్టడానికి నోరు రాలేదు. సున్నా సంగతి చెప్పేశాను. పందెం సర్దార్‌దేనన్నాను. ఎవరూ నవ్వలేదు.

బావ మైకు లాక్కున్నాడు. "గది నాకు గా దినమే తెల్సు. నువ్వు చేతులు కడుక్కోను పోంగనే పైకి జరిపి చూసిన."

"మరి ఇన్నేండ్లు సార్ అని ఎందుకన్నవు?"

"అన్నప్పుడల్లా నీ మొఖం మాడుతుండె గదా! గంత మజా ఏ సిన్మల దొరుకుతది?"

హాలు దద్దరిల్లింది. నేను చెప్పిన ముచ్చటకు ఏనాడూ అంత నవ్వు రాలేదు. నేను ఇంత కాలం తప్పు దాచుకుంటూ బతికాననుకున్నాను. అదే కాలాన్ని ఆయన నన్ను చూసి నవ్వుకుంటూ హాయిగా గడిపేశాడు. పక్కపక్కన కూర్చుని ఒకే పప్పు తిన్న ఇద్దరికి కూడా కాలం ఒకే తీరుగా గడవదని, ఇంత వయసొచ్చాక తెలిసింది.