బాయిలర్‌కు కట్టిన గుమ్మడికాయలు

బాలనర్సింహ అన్న గురించి చెప్పమంటే నాకు కూర్చోబుద్ధి కాదు. లేచి నిలబడి, చేతులు తిప్పుతూ చెప్పాలనిపిస్తుంది.

నాచారం పారిశ్రామికవాడలో మా టమాటా సాస్ కంపెనీకి బాయిలర్ నడిపేది ఆయనే. ఒకప్పుడు వాళ్ల తాతలు జొన్నలు పండించిన నేల మీదే ఇప్పుడు షెడ్లు లేచాయి. "మా చేన్లనే నేను నౌకరి జేస్తున్న" అని నవ్వేవాడు. పద్దెనిమిదేళ్లు ఏ సర్టిఫికెట్ లేకుండానే పని చేశాడు. కాగితాల్లో పాత ఆపరేటర్ పేరు, మంట దగ్గర ఈయన చెయ్యి. ఆ పాతాయన రిటైరైన ఏడాది, పరీక్ష పాసైన మనిషి లేకుండా బాయిలర్ ముట్టించడం చట్టవిరుద్ధమని బాయిలర్ల ఇన్‌స్పెక్టర్ రాసిపోయాడు.

అన్న చదివింది ఏడో తరగతి. నేను ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని, పేరు సూర్యకళ, నోరు కొంచెం ఎక్కువ. రోజూ మధ్యాహ్నం ఆ పరీక్ష పుస్తకం తీసి ఆయన్ని ప్రశ్నలు అడిగేదాన్ని. జవాబు తప్పితే నా డబ్బాలో కూర పెట్టేదాన్ని కాదు. మొదటిసారి తప్పాడు, రెండోసారి పాసయ్యాడు. నలభై ఆరేళ్ల మనిషి ఆరోజు షెడ్డంతా తిరిగి కోవా బిళ్లలు పంచాడు. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి బాయిలర్ గదిలో తగిలించాడు. పక్కనున్న దేవుడి పటం దానికంటే చిన్నది.

ఇక 2006 దసరా. ఆయుధపూజకు మా దగ్గర ప్రతి మిషన్‌కూ పసుపు, కుంకుమ పెడతారు. అంతకు నెల ముందే కటింగ్ మిషన్‌లో ఒకరి వేలు తెగింది. దిష్టి తగిలిందని ఓనరు రామ్మోహనరావు గారి తల్లి రాజేశ్వరమ్మ స్వయంగా వచ్చింది. "బాయిలర్ పేలితే అందరు పోతరట గద. ముందుగాల దానికే కట్టుండ్రి" అంది. ఫిట్టర్ దామోదర్ నిచ్చెన ఎక్కి, బాయిలర్ పైన పొడుచుకొచ్చిన రెండు ఇనుప చేతులకూ చెరొక బూడిద గుమ్మడికాయ వేలాడదీశాడు. అవి అక్కడ కొక్కేలు ఉన్నట్టే కుదిరాయి. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

అన్న ఆరోజు లేడు, పండక్కి అన్నోజిగూడలో అత్తగారింటికి వెళ్లాడు. మర్నాడు పొద్దున వచ్చి పైకి చూసి, అగ్గిపెట్టె జేబులో వేసుకుని బయటికొచ్చేశాడు.

"గా కాయలు ఇప్పెదాంక నేను ముట్టియ్య."

ఆ ఇనుప చేతులు సేఫ్టీ వాల్వులవి. ఆవిరి హద్దు దాటితే వాల్వు దానంతటదే లేచి ఆవిరిని బయటికి వదలాలి. అందుకే చేతి చివర లెక్కగట్టిన బరువు ఉంటుంది. ఆ బరువు పెరిగితే వాల్వు లేవదు కాబట్టి, అది మారకుండా ఇన్‌స్పెక్టర్ సీలు వేస్తాడు. రెండు వాల్వులు ఉండాలని చట్టం. మా రాజేశ్వరమ్మ రెండింటికీ సమానంగా న్యాయం చేసింది.

అప్పటికే గేటు దగ్గర రెండు లారీల టమాటా ఎండలో మగ్గుతోంది. అన్న నిచ్చెన అందుకోబోతే ఓనరు అడ్డుపడ్డాడు. "అమ్మ అమాస దాంక ఇప్పొద్దన్నది. ఇప్పితే మల్ల గేట్ల అడుగువెట్టకు. గేజి సూసుకుంట నడుపు. ఇన్నేండ్ల సంది నడుపుతున్నవ్, గామాత్రం తెల్వదా?"

"నా కన్ను మూతవడ్డప్పుడు సూసేతందుకే గద సార్, గా వాల్వు పెట్టింది. ఏడు కిలోల ప్రెషర్‌కు లేవాల్సింది లేవకపోతే ఆవిరి యాడికి పోవాలె?"

మా ఆడవాళ్లలో గొణుగుడు మొదలైంది. పనిలేక ఇంటికి పంపితే రోజు కూలి పోతుంది. "జర సూస్కుంట నడుపన్నా, ఒక్క పూట గద" అన్నాను. ఆ పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగిన నోటితోనే అన్నాను. ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది.

"దామోదర్, నువ్వు ముట్టియ్యి" అన్నాడు ఓనరు.

అన్న లోపలికెళ్లి ఫ్రేము తీసి చంకలో పెట్టుకున్నాడు. "దామోదర్‌కు సర్టిఫికెట్ లేదు. నాది నాతోని వోతున్నది. ఇగ ముట్టిస్తే నేరం మీ మీదికొస్తది సార్" అని గేటు వైపు నడిచాడు. దామోదర్ రెండడుగులు వెనక్కి వేసి, నాతోని గాదన్నాడు.

సరిగ్గా అప్పుడే రాజేశ్వరమ్మ కారు గేటు ముందు ఆగింది. సంగతి విని ఆమె మొహం ఎర్రబడింది. "అందరు సల్లగుండాలని కట్టిచ్చిన. ఇప్పుమంటవా?"

"అమ్మా, మీ ఇంట్ల కుక్కర్ విజిల్ మీద సన్నెకల్లు పెట్టి పొయ్యి ముట్టిస్తరా?" అన్నాడు అన్న.

ఆమె పైన వేలాడుతున్న కాయల వైపు, తర్వాత మా వైపు చూసింది.

"లోపట ఎంతమంది పనిజేస్తరు?"

"నలబై ఇద్దరమ్మా."

డెబ్భై ఏళ్ల మనిషి కొంగు నడుముకు చుట్టింది. "కట్టిచ్చింది నేను, ఇప్పేది గూడ నేనే" అంటూ నిచ్చెన ఎక్కింది. కింద కొడుకు నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె తాళ్లు కోసి కాయలు ఒక్కొక్కటే ఆయన చేతికిచ్చింది. మా ఓనరు రెండు గుమ్మడికాయలు రెండు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. నవ్వు ఆపుకోలేక నేను వెనక్కి తిరిగాను.

అన్న సీళ్లు పరీక్షగా చూశాడు. మమ్మల్నందరినీ బయటికి పంపి, వాల్వు లేస్తుందో లేదో చూడటానికి బాయిలర్ ముట్టించాడు. కిటికీలోంచి గేజి కనిపిస్తోంది. ఐదు, ఆరు, ఆరున్నర. ముల్లు ఏడు మీదికి వచ్చిందో లేదో, వాల్వు ఒక్కసారిగా లేచింది. ఆ హోరుకు చెవులు గింగురుమన్నాయి. తెల్లటి ఆవిరి షెడ్డు పైకప్పు దాటి ఎగిరింది. మావాళ్లు ఈలలు వేశారు. రాజేశ్వరమ్మ చెవులు మూసుకుని నవ్వుతోంది. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

రెండు లారీల టమాటా ఆరోజే ఉడికింది. సాయంత్రం ఉప్పల్ బస్సు కోసం నిలబడి అడిగాను. "అన్నా, అమ్మ రాకపోతే నిజంగనే ఇంటికి పోయెటోనివా?"

"యాడికి పోత చెల్లె. గేటు అవుతల కూసునెటోన్ని. ఎవడన్న ముట్టిస్తే పొగ కనవడ్తది గద. ఉరికొచ్చి మిమ్ముల బయటికి గుంజెటోన్ని."

"నలబై ఇద్దర్నా?"

"ముందుగాల నిన్ను. నీ టేబుల్ బాయిలర్ గోడకే ఉండె గద."

బస్సు వచ్చింది. ఎక్కడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.