రత్నమ్మవ్వ తిరిగి ఇచ్చిన ముడుపు

పోయిన గురువారం మధ్యాహ్నం రత్నమ్మవ్వ మా వాకిట్లోకి వచ్చి, గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ప్రమాదమని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. ఏళ్ల తరబడి మా ఇంటికి వస్తున్నా ఆమె మా గోడను తాకగా నేను చూడలేదు. పై కులాల ఇళ్లను ముట్టుకోవద్దని చిన్ననాడు ఊరు నేర్పిన పాఠాన్ని ఆ చెయ్యి ఎన్నడూ మరువలేదు. ఆ రోజు మరిచింది. ముఖం నిండా చెమట. నేను నీళ్ల కోసం పరుగెత్తాను. మా అత్త మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, ఆమె రెక్క పట్టుకొని గడప లోపలికి తీసుకువచ్చి చాప మీద కూర్చోబెట్టింది.

"జర ఆయాసమొస్తాంది, గంతే. ఫికర్ చెయ్యకుండ్రి" అని రత్నమ్మవ్వ నవ్వింది.

సాయంత్రానికి కాస్త తేరుకొని తన ఇంటికి వెళ్లింది. తెల్లవారేసరికి ఆమె లేదు. దవాఖానకు తీసుకుపోదామని బండి కట్టేలోపే ప్రాణం పోయిందని ఆమె చెల్లెలు కబురు పంపింది.

దేవరకొండలో ఆమెను ఎరుగనివారు తక్కువ. కోట కింది వాడల్లో ఇల్లిల్లూ తిరిగి సువార్త చదివి వినిపించే బైబిలు స్త్రీ ఆమె. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, మిషను బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఎన్నడూ గుంపును పోగుచేయలేదు, ఒక్కొక్కరితోనే మాట్లాడేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"పదిమందికి చెప్పనీకి చర్చిల అయ్యగారున్నరు. పదిమంది ముందర తెల్వనిది సుత తెలిసినట్టు చెప్పొచ్చు బిడ్డా. ఒక్కరి కండ్లల్ల చూసుకుంట గట్ల చెప్పుడు కష్టం."

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నేను ఈ నేతవారి ఇంటికి కోడలినై వచ్చాను. హైదరాబాదులో బి.ఏ. చదివినదాన్ని. ప్రశ్నలు ఎక్కువ, భయాలు అంతకన్నా ఎక్కువ. పిల్లలు పుట్టాక వాళ్లు దగ్గినా నాకు నిద్ర పట్టేది కాదు. దేవుడున్నాడా, ఉంటే నా పిల్లల మాట ఆయనకు పట్టునా అన్నదే నా వాదమంతా. ప్రతి గురువారం రత్నమ్మవ్వ వసారా అంచున కూర్చొని చదివేది. నేను అడ్డు తగిలేదాన్ని. మా అత్త మగ్గం నుంచే వినేది.

"ఏమే రత్నమ్మా, నా కోడలిని గుంజుకపోదామనే వస్తున్నవా?"

"గుంజితే వస్తదా అక్కా నీ కోడలు? నా నోరే ఎండుతాంది. నువ్వన్న రారాదు?"

"నేనొస్తే మీ చర్చిల మగ్గం గుంత తవ్వాలె!"

ఇద్దరూ పకపకా నవ్వేవారు.

రెండేళ్ల కింద మా చిన్నవాడికి జ్వరం పట్టుకొని దిగలేదు. డాక్టరు మందులిచ్చి, చూద్దామన్నాడు. ఆపద వస్తే మా ఇంట్లో చేసే పని ఒకటే, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి దేవుని పేర ముడుపు కట్టడం. మా అత్త ఎల్లమ్మకు కట్టింది. నేను ఇంకో పసుపు గుడ్డ చింపి ఏసుకు కట్టాను. ఆ గురువారం దాన్ని రత్నమ్మవ్వ చేతిలో పెట్టి, "నా కొడుకు బతికితే బాప్తిస్మం తీసుకుంట" అన్నాను.

ఆమె ఏళ్లుగా ఎదురుచూసిన మాట. అయినా ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు.

"గిది నేను తీసుకపోను బిడ్డా."

"ఏం తప్పు చేసిన?"

"తప్పేం లేదు. పిలగాడు దక్కకపోతే? గప్పుడు ఏసయ్య మొఖం సుత చూడవు గదా. నా కొడుక్కు గిట్లనే జరమొచ్చింది. నేను సుత మొక్కిన. దక్కలే."

ఆమెకు ఒక కొడుకు ఉండేవాడని అప్పటిదాకా నాకు తెలియదు.

"మరెట్ల నమ్ముతున్నవవ్వా?"

"ఆ దినం ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టిన. తిట్టి తిట్టి నేనే అలిసిపోయిన. ఆయన కదల్లే. నా పక్కపొంటే కూసున్నడు. గంతే నాకు ఎరుక. పిలగాన్ని ఎందుకు తీసుకపోయిండో ఇప్పటిదాక తెల్వదు."

ముడి పంటితో విప్పి, రూపాయి నా అరచేతిలో పెట్టి, "పాలు తెప్పియ్యి" అన్నది. పొద్దుగూకేదాకా వసారాలో వాడి మంచం పక్కన కూర్చొని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే ఉంది. మా అత్త కుండలోంచి చల్లటి నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టింది.

వాడు కోలుకున్నాడు. అన్న మాట ఏమైందని ఆమె అడుగుతుందనుకున్నాను.

"జరం తగ్గిందని రాకు. నిమ్మళంగ ఆలోచించుకో. రానన్న సుత నేనైతే వస్తనే ఉంట" అన్నది. అలాగే వచ్చింది.

పిల్లలు నిద్రపోయాక కందిలి దీపం పక్కన కూర్చొని ఇది రాస్తున్నాను. నమ్ముతున్నానని ఆమెతో చెప్పాలనుకున్నాను. మొక్కు లేదు, బేరం లేదు. భయం మాత్రం పోలేదు, దానితోనే నమ్ముతున్నాను. ఆ మాట దాచుకొని పోయిన గురువారం కోసం ఎదురుచూశాను. చాప మీద ఆయాసపడుతుంటే చెప్పబోయాను కూడా. "వచ్చే వారం చెప్పుదువు తియ్ బిడ్డా. మాట యాడికి పోతది" అన్నది. మాట ఎక్కడికీ పోలేదు. వినవలసిన మనిషే పోయింది.

కబురు రాగానే మా అత్త మగ్గం మీది చీరను సగం నేతలో కోసింది. పడుగు పూర్తికాకుండా కోయడం మా ఇంట్లో అశుభం. ఎవరూ ఏమీ అనకముందే, "దానికి కొత్తబట్ట నేను గాక ఎవలు పెడ్తరు?" అని కసిరింది. ఆ సగం చీర కప్పుకొనే రత్నమ్మవ్వ మట్టిలో కలిసింది. వాక్యం చెప్పేవారు ఈ వాడలకు ఇంకా వస్తారు. తెలియనిది తెలియదని చెప్పి, అయినా లేచి వెళ్లకుండా కూర్చునే ఆ మనిషి మాకు మళ్లీ దొరకదు. ఆమెకు ఇవ్వలేకపోయిన జవాబునే ఆమె పాదాల దగ్గర పెడుతున్నాను.

ఆమెను మట్టి చేసిన రోజంతా పిల్లలను పక్కింట్లో ఉంచాం. "ఊరికి పోయిందని చెప్పు. బెదురుతరు" అన్నారు మా ఆయన. నేనూ అలాగే అనుకొని పడుకున్నాను. మర్నాడు పొద్దున ఇద్దరూ లేచి నా ముందు కూర్చుంటే నోటికి ఆ మాట రాలేదు. రత్నమ్మవ్వ చనిపోయిందని చెప్పాను.

"మల్ల గురువారం రాదా?" అన్నది పెద్దమ్మాయి.

"రాదు బిడ్డా."

చిన్నవాడు నా కొంగు పట్టుకున్నాడు. "నువ్వు సుత చనిపోతవా అమ్మా?"

వాడు పుట్టిన నాటి నుంచి నేను భయపడుతున్న ప్రశ్న అది.

"ఎప్పుడో ఒకనాడు. ఎన్నడో నాకు తెల్వదు" అన్నాను. "ఇయ్యాల మాత్రం యాడికీ పోను. మీ పక్కపొంటే కూసుంట."