ఆకుకూరల ఏడాది

చందానగర్‌లో మేం కిరాయికి ఉన్న ఇంటి వెనుక ఒక పెరడు ఉండేది. ముందు వాటాలో ఓనరమ్మ ఒక్కతే ఉండేది. గోదావరి వైపు నుంచి భర్తతో వచ్చి ఆ ఇల్లు కట్టుకుందట, ఆయన పోయాక ఆమెకు ఆ మట్టే తోడు. వెనక గదుల్లో మేం. మాది మెదక్ వైపు. మా ఆయన హైటెక్ సిటీ ఆఫీసులకు రాత్రిపూట కారు నడిపి పగలు పడుకునేవాడు. ఆయన నిద్ర చెడగొట్టకుండా నేను పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. నా నోటికి కాస్త విరామం దొరికేది అక్కడేనని ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఏటా మృగశిర చినుకులు పడగానే ఓనరమ్మ బీర, పొట్ల పాదులు పెట్టేది, నేను చిక్కుడు గింజలు వేసేదాన్ని. శ్రావణం నాటికి పందిరంతా అల్లుకుని కింద పచ్చటి వెలుతురు నిలిచేది. అందులో కూర్చుంటే చెరువు అడుగున కూర్చున్నట్టు ఉండేది. మందారం మీద తేనెపిట్ట వాలేది. పక్క ఖాళీ ప్లాటు రాళ్లలోంచి ఒక ముంగిస వచ్చి, పిలవకుండా వచ్చిన చుట్టాలను చూసినట్టు మమ్మల్ని చూసి, తన దారిన తాను పోయేది. ఓనరమ్మ ఒడిలో బీరకాయలు, నా ఒడిలో చిక్కుళ్లు. ఎవరి పాదువి వాళ్లవని లెక్క ఎప్పుడూ లేదు.

ఉద్యమం ఊపందుకున్న ఏడాది మాట ఇది. బంద్ అంటే మియాపూర్ డిపోలోంచి బస్సులు కదిలేవి కావు. బొంబాయి హైవే మీద చప్పుడు ఆగిపోయి, ఊరంతా మధ్యాహ్నం నిద్రలోకి జారినట్టుండేది. పువ్వుల మీద తుమ్మెదల రొద కూడా వినబడేది. రాష్ట్రం రావాలని నాకు గట్టిగా ఉండేది, దాన్ని ఎవరి దగ్గరా దాచలేదు. ఓనరమ్మ దగ్గర కూడా.

ఆ వానాకాలం మొదట్లో ఒకనాడు ఆమె ఫోన్ పెట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"మా తమ్ముడు ఇల్లు అమ్మేసి వచ్చేయమంటున్నాడు అమ్మాయ్. రాష్ట్రం విడిపోతే ఇక్కడ మమ్మల్ని ఉండనివ్వరని వాడి బెంగ."

"మిమ్మల్ని ఎవ్వలు ఎల్లగొడ్తరాంటీ? జర ఫికర్ జెయ్యకుండ్రి."

నవ్వింది గానీ, ఆ ఏడాది పందిరికి ఒక్క పాదూ పెట్టలేదు. తోటకూర, మెంతికూర, పాలకూర చల్లింది. అన్నీ నెల తిరక్కుండా కోసుకు తినేవే. నాకూ చిక్కుడు గింజలు వేయబుద్ధి కాలేదు. పందిరి ఉత్త కర్రలతో మిగిలింది. ఆమె వెళ్లిపోతే కొన్నవాడు గోడ నుంచి గోడ దాకా అపార్ట్‌మెంట్ లేపుతాడు, పెరడు పోతుంది. కానీ నా ఏడుపు పెరడు కోసం కాదు. ఆమె లేకుండా ఆ మట్టిలో చెయ్యి పెట్టడం నాకు చేతకాదు.

వానలకు గోడ పొడుగునా గునుగు తనంతట తాను మొలిచింది. నేను మురిసిపోయాను. మేం గునుగు కోసుకొచ్చే ఖాళీ జాగాలన్నీ అప్పటికే బిల్డింగులైపోయాయి. తెల్లటి కంకులు తేలగానే, ఈసారి బతుకమ్మకు పూల కోసం తిరిగే పని లేదనుకున్నాను. పండగ ముందురోజు పొద్దున్నే వెళ్లి చూస్తే గోడ వారంతా నున్నగా ఉంది. ఓనరమ్మ చేతులు దులుపుకుంటోంది.

"కలుపు ఏపుగా పెరిగిపోయింది అమ్మాయ్. నీకెందుకు శ్రమని నేనే పీకేశాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏందాంటీ, గిట్ల జేసిన్రు! గది కలుపా? బతుకమ్మ పేర్చే పువ్వు గది!"

ఆమె ముఖం పాలిపోయింది. "పండగ పువ్వా? అయ్యయ్యో! మా పొలాల్లో దీన్ని పీకి గట్టు మీద పారేస్తాం. నాకేం తెలుసే తల్లీ?"

అంటూనే కుప్ప దగ్గరికి పరుగెత్తింది. వేళ్ల మట్టి కడిగి, మొక్కలన్నీ బకెట్లలో నిలబెట్టి తన వరండా నీడలో పెట్టింది. గునుగు అంత తొందరగా వాడదని చెబుదామనుకున్నాను, కోపంలో చెప్పలేదు. సాయంత్రం దాకా ఆమె వాటి మీద నీళ్లు చిలకరిస్తూనే ఉంది. చూసి చూసి నాకు నవ్వొచ్చింది.

మర్నాడు ఇద్దరం కంకులు కోసి కట్టలు కట్టాం. రంగు నీళ్లలో ముంచడం ఆమెకు చూపించాను. చిన్నపిల్లలా మోచేతుల దాకా గులాబీ రంగు పులుముకుంది. సాయంత్రం వీధిలో ఆడవాళ్లందరం చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ఆమె గేటు పట్టుకుని నిలబడి చూసింది. రమ్మంటే రాలేదు. చెరువు నుంచి తిరిగొచ్చేసరికి ఆమె తలుపు వేసి ఉంది. తమ్ముడితో మాట్లాడుతున్న గొంతు వినిపించింది, మాటలు అందలేదు. ఇల్లు అమ్మే మాటేనేమోనని ఆ పండగ రోజులన్నీ ఆమె తలుపు వైపే చూశాను.

దసరా వెళ్లాక ఒక ఉదయం పెరట్లోంచి కేక వేసింది. వెళ్లేసరికి ఆమె కాళ్ల దగ్గర నర్సరీ సంచిలో ఒక మామిడి అంటు ఉంది.

"గొయ్యి లోతుగా తవ్వాలి అమ్మాయ్. నా వల్ల కాదు, గడ్డపార తీసుకురా."

నేను వంగి అంటు ఆకులు తడిమి చూశాను. అడిగాను: "ఇది ఎప్పుడు కాస్తదాంటీ?"

"నాలుగేళ్లు పడుతుంది." మట్టి మీద గిరి గీస్తూ, తల ఎత్తకుండానే అంది. "అందాకా నువ్వు ఖాళీ చేసి పోతానంటే మాత్రం ఊరుకోను."