కలుపుకోవడానికి చోటు

మా డ్రాయింగ్ మేడమ్ పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను మూసారాంబాగ్‌లోని నా డిజైన్ షాపులో ఎవరిదో గృహప్రవేశం కార్డు దిద్దుతున్నాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. కార్డులో ఇరుకిరుగ్గా ఉన్న వరుసల్ని కాస్త ఎడంగా జరిపి, షట్టర్ దించి, ఎల్బీనగర్ బయల్దేరాను. అలా ఎడంగా జరపడం నేర్పింది ఆవిడే.

మా స్కూలు దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల నడుమ ఉండేది. డ్రాయింగ్ పీరియడ్ వస్తే చాలు, లెక్కల సారు వచ్చి గుమ్మంలో నిలబడేవారు, ఆ గంట తనకిచ్చేయమని. మేడమ్ ఇచ్చేవారు కాదు. ఆవిడది గుంటూరు వైపు, మాట నెమ్మది, పట్టు గట్టిది. ఏ కాగితం ఇచ్చినా ముందు తలకిందులుగా పట్టుకుని చూసేవారు. "చదవడం తర్వాత, ముందు చూడండి" అనేవారు. మేం నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు నా షాపులో నేను చేసేదీ అదే, నవ్వేవాళ్లు మారారు.

పదో తరగతి చివర్లో ఇయర్‌బుక్ వేద్దామనుకున్నాం. పేజీలు ఎలా తీర్చాలో ఐడియాల కోసం ఇంటర్నెట్ అంతా గాలించాం. ఎక్కడెక్కడి స్కూళ్ల పుస్తకాలో చూసి నోళ్లు వెళ్లబెట్టాం. తీరా కంప్యూటర్ ముందు కూర్చుంటే వచ్చింది రోజూ రోడ్డు మీద చూసే బొమ్మే. పైన టాపర్లు పెద్ద పెద్ద గుండ్రాల్లో, కింద మిగతా అందరూ స్టాంపు సైజులో. అచ్చం ర్యాంకుల హోర్డింగు. మాకది బ్రహ్మాండంగా ఉన్నట్టే అనిపించింది.

మీర్‌పేట్ నుంచి వచ్చే మమతకు మార్కులు తక్కువ. తన ఫొటో ఆఖరి వరుసలో ఓ మూలకు పోయింది. వాళ్లది నల్గొండ దగ్గరి ఊరు, నాన్న ఆటో నడిపేవాడు. స్క్రీను వైపు కాసేపు చూసి, "నా ఫొటో తీసెయ్యుండ్రి. మా నాయినకు సూపెట్టనీకి అండ్ల ఏమున్నది?" అంది. ఎంత బతిమాలినా వినలేదు.

మేడమ్ మా ప్రింటు తీసుకుని అలవాటుగా తిరగేసి పట్టుకున్నారు. "బంతిలో వలపక్షం ఏంట్రా?" అన్నారు. మాలో సగం మందికి ఆ మాటే తెలియదు. తెలుసుకోవాలంటే ఆదివారం భోజనానికి రమ్మన్నారు, మమతను తప్పకుండా తీసుకురమ్మన్నారు.

వాళ్లింట్లో కింద చాపలు పరిచి అరిటాకులు వేశారు. స్కూల్ ఫస్టు వచ్చే వాడి పక్కనే మమత. అందరి ముందూ అంతే ఆకు, బంతిలో ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ లేదు. ఉప్పు, పచ్చడి, కూర, పప్పు, అన్నం, దేని చోట అది. నాకేమో ఆకలి, ఆకులో ఇంకా ఖాళీ ఉందని గుర్తుచేశాను.

"ఆకు నిండా వడ్డించేస్తే కలుపుకోవడానికి చోటేదిరా? పేజీ అయినా అంతే" అన్నారు.

ఐడియాల కోసం తిరిగి తిరిగి వచ్చిన మాకు అవి గుత్తివంకాయ కూర పక్కన దొరికాయి. పేజీలన్నీ మళ్లీ మొదటి నుంచీ వేశాం. అందరికీ ఒకే సైజు ఫొటో, చుట్టూ బోలెడంత తెలుపు, కింద ఎవరి చేతిరాతలో వాళ్ల మాట. టాపర్లను పెద్దగా వేస్తే అడ్మిషన్లకు పనికొస్తుందని ప్రిన్సిపాల్ గారు పట్టుబట్టారు. ర్యాంకులకు రోడ్డంతా ఉంది కదా సార్, ఈ పుస్తకం పిల్లలకి వదిలేయండి అని మేడమ్ నవ్వుతూనే చెప్పారు. వదిలేశారు. మమత నాన్న ఆ పుస్తకాన్ని ఆటోలో పెట్టుకుని, ఎక్కినవాళ్లందరికీ కూతురి పేజీ చూపించాడట. ఎక్కినవాళ్లు దిగాల్సిన చోటు దాటిపోయేదాకా చూపించేవాడని మమతే చెప్పి నవ్వేది.

మేడమ్ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ నన్నే చేయమన్నాడు వాళ్లబ్బాయి. మా వైపు ఇలాంటి ఫ్లెక్సీ అంటే పోయినవాళ్ల ముఖం ఆకాశమంత, కింద వేయించినవాళ్ల ముఖాలు వరసగా. నేను ఆవిడ ఫొటోను ఇయర్‌బుక్‌లో మా ఫొటోల్లాగే చిన్నగా పెట్టి, కింద "మా డ్రాయింగ్ మేడమ్" అని రాసి ఆపేశాను. ప్రింటుకిచ్చే ముందు తలకిందులుగా చూశాను. బాగుంది. ఆ క్షణంలో మాత్రం ఏడుపు ఆగలేదు.

ప్రింటింగ్ షాపతను మెషీన్ ఆపి, "అన్నా, గింత జాగ ఖాళీ ఇడ్సిన్రు. మీ ఫొటోలు పెట్టుకోరా?" అన్నాడు.

నేను నోరు తెరిచే లోపు, కబురు విని నాతో వచ్చిన మమత చెప్పింది.

"ఉండనీ అన్నా. అది కలుపుకోనీకి జాగ."

ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ ఎల్బీనగర్‌లో వాళ్ల వీధి మొగలో ఉంది. దానికి అటూ ఇటూ ర్యాంకుల హోర్డింగులు, ఒకదాని మీద ఒకటిగా ముఖాలు. మధ్యలో అంత తెలుపు, అందులో మేడమ్.