ఇరవై లీటర్ల తొట్టికి అయిదు హెచ్‌పీ బుద్ధి

మా హాల్లో ఫ్యాను రెగ్యులేటరు మీద అయిదు అంకెలున్నాయి. ఒకటి మీద పెట్టినా అయిదు మీద పెట్టినా క్యాలెండరు అదే పనిగా గోడను కొడుతుంది. పేపరు చదవాలంటే నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టుకోవాలి. దాని సంగతి అట్లా ఉంచండి. ఆ ఫ్యాను కింద కూర్చున్న ప్రతిసారీ నాకొక చేప గుర్తొస్తుంది. నేను ఎంతో శ్రద్ధగా, శాస్త్రీయంగా చంపబోయిన చేప. మీరు నవ్వుకోవచ్చు. చేప మాత్రం అప్పట్లో నవ్వలేదు.

మా బావది సిరిసిల్ల. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పదిహేనేళ్లు పనిచేశాడు. సాంచెలు వారానికి మూడు రోజులే నడవడం మొదలయ్యాక మస్కట్ వెళ్లక తప్పలేదు. వెళ్లేముందు ఎనిమిదేళ్ల కూతురు శ్రీజకు చిన్న గాజుతొట్టి, ఒక నీలం ఫైటర్ చేప కొనిచ్చాడు. అక్కా, శ్రీజా కోరుట్లలో మా ఇంటికి వచ్చేశారు. బస్సులో తొట్టి అక్క ఒళ్లో, చేప శ్రీజ చేతిలోని కవర్లో. ఆ పిల్ల చేపకు పెట్టుకున్న పేరు కూడా మస్కటే.

ప్రయాణం రోజు బావ నన్ను పక్కకు పిలిచాడు.

"బామ్మర్దీ, నువ్వు సదువుకున్నోనివి. గా చేపను జర సూసుకో. అది మంచిగుంటే నా బిడ్డ రంది పెట్టుకోదు."

చదువుకున్నవాణ్ని అన్న మాట నా తలకెక్కింది. నీళ్లు కాస్త మసకబారగానే ఫిల్టరు కోసం జగిత్యాల బయల్దేరాను. గడప దాటకముందే మా నాన్న, అదే మా బాపు, సలహా ఎదురైంది. ఆయన లోకాన్నంతా బోరు మోటరు హెచ్‌పీల్లో కొలుస్తాడు.

"మూడు హెచ్‌పీ పెట్టినోని వరి ఎండింది. అయిదు పెట్టినోనిది పండింది. ఏది కొన్నా ఒక నంబరు పెద్దదే కొనురా."

నేను బీఎస్సీ ఫిజిక్స్. ఈ సూత్రంలో నాకే లోపమూ కనిపించలేదు.

జగిత్యాలలో చేపల దుకాణం రఫీక్ భాయ్‌ది.

"తొట్టి ఎంతది సార్?"

"ఇరవై లీటర్లు."

"చేపలెన్ని?"

"ఒక్కటే. ఫైటర్."

"గట్లయితే గీ స్పాంజి ఫిల్టరు చాలు. బుడగలు మెల్లగ వస్తయి. ఫైటర్‌కు నీళ్ల జోరు పడది సార్, దాని రెక్కలు పెద్దగుంటయి."

"పక్కన ఉన్నది?"

"గది వంద లీటర్ల తొట్టికి."

"అంటే మా నీళ్లు అయిదింతలు సాఫ్ అయితయన్నట్టు."

రఫీక్ భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. "సార్ ఏం సదివిండ్రు?"

"బీఎస్సీ ఫిజిక్స్."

ఆయన ఇక వాదించలేదు. పెద్దదే ప్యాక్ చేసి, "డబ్బా మాత్రం పారేయకుండ్రి సార్" అన్నాడు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు ఊరికి నలుగురుంటారు. ఎలుక కోసం కొండనే బస్సెక్కించి ఇంటికి తెచ్చినవాణ్ని నేనొక్కణ్నే.

స్విచ్ వేశాను. తొట్టిలో వరదొచ్చింది. మస్కట్ ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టుకుపోయి, మూడు చుట్లు తిరిగి, కదిలిన బస్సు వెనక పరిగెత్తే ప్రయాణికుడిలా ఎదురీదడం మొదలుపెట్టింది.

"మామా, మస్కట్ గట్లెందుకు ఉరుకుతుంది?"

"వ్యాయామం బిడ్డా."

"అది అడగలే గద!"

బాపు మాత్రం తృప్తిపడ్డాడు. "గిప్పుడు కొట్టింది ప్రెషరు!"

మర్నాడు శుక్రవారం. బావకు సెలవు, మాకు వీడియో కాల్. శ్రీజ ఎప్పుడూ తన ముఖం కంటే ముందు చేపను చూపించేది. ఆ రోజు పొద్దున వేసిన మేత గింజలు సుడిగాలిలో పొట్టులా తిరుగుతూనే ఉన్నాయి. చేపకు ఒక్కటీ అందలేదు. మధ్యాహ్నానికి దాని తోక ఫిల్టరు నీళ్లు పీల్చే సందుల్లో ఇరుక్కుంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. నేను తొట్టికి అడ్డంగా నిలబడ్డాను.

"బావా, ఆడ ఎండలెట్లున్నయి?"

"ఎండలు మంచిగనే ఉన్నయి. నువ్వు పక్కకు జరుగు."

శ్రీజ ఫోను లాక్కుంది. "డాడీ, మస్కట్ సచ్చిపోతుంది!"

బావ గదిలో ఎనిమిది మంది ఉంటారు. ఎనిమిది తలలూ ఫోనులోకి వచ్చాయి.

"మోటరెంతది?" అన్నాడు మల్యాల ఆయన.

"పైపు తిప్పి పెట్టుమను" అన్నాడు ముస్తాబాద్ ఆయన.

"గా పోరన్ని తిప్పి పెట్టుమను" అన్నారెవరో వెనక నుంచి.

బావ ఒక్కడే గొంతు పెంచలేదు. "బామ్మర్దీ, ముందుగాల స్విచ్ బంద్ చెయ్."

చేశాను. పొద్దున్నుంచీ ఈ ఉపాయం నాకు తట్టలేదని సిగ్గుతో మనవి చేసుకుంటున్నాను.

"సాంచె మీద పోగులు తెగుతుంటే సాంచె ఆపి సూస్తం. జోరు పెంచుతమా?"

అంతే. అంతకుమించి ఆయన నన్నొక్క మాట అనలేదు. మస్కట్ విడివడి, చిరిగిన తోకతో అడుగుకు జారి పడుకుంది. శ్రీజ ఆ పూట అన్నం ముట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు; నా చదువుకు మతి చాలక చేప తోక కూడా కావలసి వచ్చింది.

మర్నాడు మళ్లీ జగిత్యాల. రఫీక్ భాయ్ బల్ల మీద స్పాంజి ఫిల్టరు, చిన్న గాలి పంపు తీసి పెట్టి ఉన్నాయి.

"నిన్ననే వస్తరనుకున్న సార్."

పెద్దదాన్ని డబ్బాతో సహా వాపసు తీసుకున్నాడు. దుకాణం ముందున్న బాదం చెట్టు కింద ఒక ఎండుటాకు ఏరి, దుమ్ము దులిపి నా చేతికిచ్చాడు.

"గిది కడిగి నీళ్లల్ల ఎయ్యిండ్రి, దానికి మంచిది. రోజూ జరన్ని నీళ్లు మార్చుండ్రి. ఇంకేం చెయ్యకుండ్రి." గుమ్మం దాకా వచ్చి మళ్లీ చెప్పాడు. "నిజంగనే ఏం చెయ్యకుండ్రి సార్."

ఏమీ చేయకపోవడంలో నా ప్రతిభ అప్పుడే బయటపడింది. కొన్ని వారాలకు తోక తిరిగి పెరిగింది, అంచున ఒక చిన్న నొక్కుతో. శ్రీజ మళ్లీ తన ముఖం కంటే ముందు చేపను చూపించసాగింది. ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి ఆ వేలెడు నీలం రంగు ఎంత ఆసరా అయిందో తర్వాత అక్క చెబితే తెలిసింది. ఆకు ఏరిచ్చిన రఫీక్ భాయ్‌కి, తిట్టని బావకు, నా ఫిజిక్స్‌కు ఎదురీదిన ఆ చేపకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

రెండేళ్లకు బావ సెలవు మీద వచ్చాడు. సంచి కూడా దించకుండా తొట్టి ముందు కూర్చున్నాడు. మస్కట్ అద్దం దగ్గరకు వచ్చింది. మేత కోసమే వచ్చింది గానీ, ఆ మాట ఎవరూ పైకి అనలేదు. శ్రీజ తండ్రి భుజం మీద తల పెట్టుకుంది.

ఆ శుభవేళ నేను గొంతు సవరించుకున్నాను. తొట్టి మూత మీద చెయ్యి వేసి, కొండగట్టు అంజన్న సాక్షిగా, అవసరానికి మించి జోరున్న ఏ యంత్రాన్నీ ఈ జన్మలో కొని ఇంటికి తేనని అందరి ముందూ ప్రమాణం చేశాను.

బావ తలూపాడు. ఆయన వస్తున్నాడని వారం కింద హాల్లో కొత్త ఫ్యాను బిగించాం. ఒక చేత్తో ఎగిరిపోతున్న టవలును, ఇంకో చేత్తో టికెట్టు కాగితాలను అదిమిపట్టుకుని ఆయన పైకి చూశాడు.

"బామ్మర్దీ, గీ ఫ్యాను గూడ నువ్వే తెచ్చినవా?"