మంద కాసినవాళ్లలో ఆఖరివాడు

మా పెదనాన్న పోయాడని మొన్న పొద్దున్న గాజువాక నుంచి కబురొచ్చింది. మద్దిలపాలెంలో బస్సెక్కి నేను వెళ్లేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. మోయడానికి బంధువులున్నారు గాని, ఆయనతో కలిసి గొర్రెల వెంట తిరిగినవాళ్లు ఒక్కరూ రాలేదు. మీరెవరూ ఆయన్ని ఎరగరు. అందుకే రాస్తున్నాను.

మాది మందలతో ఊరూరా తిరిగిన కుటుంబం. మీసాలు రాగానే పెళ్లికాని కుర్రాళ్ల చేతికి పెద్దలు కర్ర ఇచ్చేవారు. కర్ర అందుకున్నవాడు మంద పడుకున్నాకే అన్నం తినాలి. తోడేలు వస్తే ఎదురెళ్లాలి. పారిపోయినవాడికి పిల్లనిచ్చేవారు కారు. ఆ కుర్రాళ్లకు ఒకప్పుడు పెదనాన్నే నాయకుడు. ఎడమ చేతిమీద తోడేలు పళ్ల మచ్చలుండేవి. అడిగితే, "దానికి ఆకలి, నాకు బయ్యం. అంతే" అనేవాడు.

ఉక్కు కర్మాగారం కోసం భూములు తీసుకున్నాక మేత బీళ్ల చుట్టూ గోడలు లేచాయి. కుర్రాళ్లు ఒక్కొక్కరే కర్రలు తెచ్చి పెదనాన్న గుమ్మంలో పెట్టి కాంట్రాక్టు పనులకు వెళ్లిపోయారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. "ఆళ్లు మాత్రం ఏటి సేత్తారు? కూడు తినాల గదా!"

ఆ వేసవిలో గడ్డిపోచ దొరక్క మందను యారాడ కొండ వైపు తోలాడు. ఇంకెవరూ లేక, పెళ్లీడుకొచ్చిన నేను తోడు వెళ్లాను. పొద్దు వాలుతుండగా ఊరకుక్కల గుంపు మీద పడింది. ఆడపిల్ల కర్ర ముట్టుకోకూడదన్నది మా ఆచారం. పెదనాన్న తన కర్ర నా వైపు విసిరాడు.

"పట్టుకో గుంటా! అటుపక్క నిలబడు!"

"నాను పట్టుకోవాలా, పెదనాన్నా?"

"ఇంకెవులున్నారే!"

ఆయన రాళ్లతో, నేను కర్రతో. కొడుతూనే ఉన్నాను. కుక్కలు చెదిరేసరికి సగం మంద నెత్తుటిలో పడి ఉంది. పెదనాన్న వాటి మధ్య కూలబడి ఏడ్చాడు. కాసేపటికి నా తలమీద చెయ్యి పెట్టి, "నువ్వు పారిపోనేదే అమ్మీ. మాలో కలిసిపోయావ్" అన్నాడు. తర్వాత బతుకులో ఎన్ని భయాలొచ్చినా నన్ను నిలబెట్టింది ఆ మాటే.

మిగిలినవాటిని కాపాడే దారి లేక గొర్రెల వ్యాపారికి అమ్మేశాడు. లారీ కదలగానే, మందను వెనక్కి పిలిచే కేక ఆయన గొంతులోంచి దానంతటదే వచ్చేసింది. లారీలోని గొర్రెలన్నీ ఒక్కసారిగా తలలు తిప్పి అరిచాయి. పెదనాన్న దుమ్ములో ముందుకు నడిచాడు. లారీ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఆ అరుపులు వినిపించినంతసేపూ ఆయన నడుస్తూనే ఉన్నాడు.