లస్మవ్వ పుంజు, ఎడమ ముల్లు

2007 మే నెలలో నన్ను ఆర్మూరు పశువుల దవాఖానకు బదిలీ చేశారు. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్. మా పై అధికారి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో ఇద్దరికీ అసిస్టెంట్ ఉన్నా డాక్టరు ఆయనే. కట్టు కట్టేది, టీకా వేసేది, రిజిస్టరు రాసేది నేను. పసుపు అమ్ముకోవడానికి వచ్చిన రైతులకు ఈ తేడా పట్టేది కాదు, నన్నూ డాక్టరమ్మా అనేవారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత ఓపిక లేక మానేశాను.

ఆ ఏడు నాకు అప్పగించిన పని పెరటి కోళ్ళ పంపిణీ. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు తలా ఆరు పెట్టలు ఇవ్వాలి. నాలుగు నెలల వయసువి, ఇంకా గుడ్డు మొదలుపెట్టనివి. ఇచ్చేటప్పుడు ఒక మాట తప్పకుండా చెప్పాలి: కొత్త కోళ్ళను రెండు వారాలు విడిగా ఉంచాలి. కొక్కెర తెగులు లాంటిది ఏదైనా ఉంటే ఆలోపే బయటపడుతుంది, పాత కోళ్ళకు అంటదు. ఈ మాట చెప్పి చెప్పి నా గొంతు పోయేది. అందరూ శ్రద్ధగా తల ఊపేవారు. ఇంటికి పోగానే గంప ఎత్తి వదిలేసేవారు.

లస్మవ్వ కూడా అంతే చేసింది. అరవై దాటిన మనిషి, ఇంట్లో ఒక్కతే ఉండేది. పెట్టలు తీసుకుపోయిన మూడో రోజున ఒకదాన్ని కొంగులో చుట్టుకుని దవాఖానకు వచ్చింది. దాని వీపు మీద ఈకలు లేవు, తల మీద నెత్తురు గడ్డకట్టి ఉంది. ఇంట్లో ఒక పడుచు పుంజు ఉందట. కొత్తవాటిని గింజ ముట్టనివ్వకుండా తరుముతోందట.

ఎనిమిది, తొమ్మిది నెలల పుంజు గుణమే అది. కొత్తగా మీసం వచ్చిన పిల్లగాడి తీరు. ఇంటి పాత పెట్టలైతే తిరగబడి పొడిచి దాన్ని హద్దులో ఉంచుతాయి. కొత్తవాటికి ఆ ధైర్యం ఉండదు. అమ్మెయ్యండి, లేదా కోసుకోండి అన్నాను. ఇలాంటి పుంజులకు మేమిచ్చే మామూలు సలహా అదే.

"అమ్మెటిది గాదు, కోసెటిది గాదు మేడం. అది గట్లనే ఉండాలె" అంది లస్మవ్వ.

ఎందుకని నేను అడగలేదు. దెబ్బతిన్న పెట్టకు పసుపు రాసి పంపించాను.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో చెట్లేమీ లేవు. ఒక కట్టెల మోపు, దాని మీద బిక్కుబిక్కుమంటూ ఐదు పెట్టలు. దెబ్బతిన్నదాన్ని ఇంట్లో పెట్టింది. కింద మెడ ఈకలు బంగారు రంగులో మెరుస్తున్న ఎర్ర పుంజు కాపలా తిరుగుతోంది. అరుగు మీద లస్మవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను గడప దగ్గరికి రాగానే పుంజు ఎగిరి నా పాదం మీద తన్నింది. కొత్త ఊళ్ళో మొదటి నెల. పనిమంతురాలిననిపించుకోవాలన్న ఆత్రం నాకు ఎక్కువగానే ఉండేది. పుంజును ఒడిసి పట్టుకుని, కాలి వెనక ముల్లు కొసలు కత్తిరించి మొండి చేద్దామని సంచిలోంచి కత్తెర తీశాను.

ముల్లు పైపొర గోరు లాంటిదే, లోపల మాత్రం నెత్తురుంటుంది. కొస ఒక్కటే తియ్యాలి. పడుచు పుంజుకు ముల్లు చిన్నది కాబట్టి మన చేతిలో ఉండే సందు చాలా తక్కువ. ఎడమ కాలు పట్టుకుని కత్తెర వేసే సమయానికి అది తన్నుకుంది. తెగాల్సిన దానికన్నా లోతుగా తెగింది.

లస్మవ్వ లేచిన ఊపుకు చాట బోర్లాపడి ఆకూ తంబాకూ అరుగంతా చెదిరాయి. ఆర్మూరు ఇళ్ళలో పసుపుకు వెతుక్కోనక్కర్లేదు. చిటికెడు అద్ది గట్టిగా పట్టుకుంటే రెండు నిమిషాల్లో నెత్తురు ఆగింది. లస్మవ్వ కన్నీళ్ళు ఆగలేదు.

అప్పుడు చెప్పింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు సాయిలు దుబాయిలో ఉన్నాడు. పెట్టుకున్న కంపెనీ జీతం ఇవ్వకపోతే బయటికి వచ్చి దొరికిన పని చేసుకుంటున్నాడు. అలాంటివాళ్ళను మా జిల్లాలో ఖల్లివెల్లి అంటారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది, ఇంటికి వచ్చే దారి లేదు. కొడుకు క్షేమంగా ఇల్లు చేరితే ఇస్తానని ఈ పుంజును పిల్లగా ఉన్నప్పుడే పోచమ్మకు మొక్కింది. మొక్కిన కోడికి లోపం ఉండకూడదు. ఆ రోజు వచ్చేదాకా దాని ఒంటికి ఇనుము తగలకూడదు. కాగితాలు లేనివాళ్ళను ఇళ్ళకు పోనిస్తారని ఆ మధ్యే అక్కడినుంచి కబురు వచ్చింది. సాయిలు ఆ వరుసలో నిలబడి ఉన్నాడు.

"నా కొడుకు ఇంక విమానం ఎక్కనే లేదు. నువ్వు గింతల్నె నెత్తురు తీస్తివి" అంది. గట్టిగా కూడా అనలేదు.

ఉద్యోగంలో పై అధికారుల చేత చాలా తిట్లు తిన్నాను. ఏదీ ఇంత లోపలికి దిగలేదు. ముల్లు మళ్ళీ పెరుగుతుంది అవ్వా, ఆరేడు నెలల్లో రెండూ సమానమవుతాయి అన్నాను. లోపం లేకుండా అవుతుందా అని అడిగింది. అవుతుందన్నాను. అలా మాట ఇచ్చే అధికారం నాకు లేదు, అయినా ఇచ్చాను. రెండో కాలు ముట్టుకోలేదు.

ఆ తర్వాత మొదటే చెయ్యాల్సిన పని మొదలుపెట్టాను. టీకాలు వెయ్యడానికి పోచంపాడు డ్యాం వైపు వెళ్ళినప్పుడు చేపలు పట్టేవాళ్ళను అడిగి ఒక పాత వల తెచ్చాను. వాకిలిని రెండుగా చేసి అడ్డం కట్టాం. అటు కొత్త పెట్టలు, ఇటు పుంజూ రెండు పాత పెట్టలూ. చూసుకోవచ్చు, తగులుకోలేవు. రెండు వైపులా వలకు దగ్గరగా ఒకేసారి గింజలు వెయ్యాలి. పక్కపక్కన తినడం అలవాటైతే సగం పని అయినట్టే. మొదటి నాలుగు రోజులు పుంజు మెడ ఈకలు నిక్కించి వల మీదికి దూకేది. ఆరో రోజుకు తల వంచి తిన్నది. డ్యూటీ దిగి ఇంటికి పోతూ రోజూ ఒకసారి చూసి వెళ్ళేదాన్ని. లస్మవ్వ నాతో మాట్లాడేది కాదు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చేది.

రెండు వారాలయ్యాక వల తీసి పెట్టలను ఒక్కొక్కటిగా పుంజు దగ్గరికి వదలాలని నా ఆలోచన. నేను వెళ్ళేసరికి లస్మవ్వ దాన్ని తిరగేసింది. పుంజును గంప కింద మూసి, పెట్టలన్నిటినీ వాకిట్లోకి వదిలింది.

"కొట్టెటోన్ని మూసిపెట్టాలె గని, దెబ్బలు తిన్నదాన్ని ఎందుకు మూసుడు?" అంది. ఆ రెండు వారాల్లో నాతో అన్న మొదటి మాట అది.

ఐదు రోజులు పుంజు గంప కిందే ఉంది. ఆమె గంపను తన పక్కనే పెట్టుకుని, దానితో ఏదో ఒకటి మాట్లాడుతూ బీడీలు చుట్టేది. ఈలోపు కొత్త పెట్టలు పాతవాటితో కలిసిపోయాయి. మూలలన్నీ తెలుసుకున్నాయి. ఆరో రోజు గంప ఎత్తేసరికి ఆ వాకిట్లో కొత్తగా వచ్చింది పుంజే అయింది. మెడ నిక్కించి ఒక అడుగు వేసిందో లేదో ఈకలు ఊడిన పెట్టే ఎదురొచ్చి ముక్కుతో ఒక్కటిచ్చింది. పుంజు పరుగున పోయి లస్మవ్వ కాళ్ళ దగ్గర నక్కింది. ఆమె నవ్వడం అప్పుడే చూశాను. నేనూ నవ్వాను.

నెల తిరిగేసరికి ఆ పుంజు గింజ కనిపిస్తే తాను తినకుండా క్లక్ క్లక్ మని పెట్టలను పిలిచేది. గద్ద నీడ పడితే అన్నిటినీ కట్టెల మోపు కిందికి తోలి తాను బయట నిలబడేది. పెట్టలు గుడ్లు మొదలుపెట్టాయి.

నవంబరు చివర ఒక ఉదయం లస్మవ్వ పుంజును చంకలో పెట్టుకుని దవాఖానకు వచ్చింది. సాయిలు వచ్చిండు అంది. మనిషి సగమయ్యాడట, తిని పడుకోవడమే పనిగా ఉన్నాడట. ఆదివారం మొక్కు అట. ముల్లు పెరిగిందా చూడమంది.

పుంజును బల్ల మీద నిలబెట్టాను. తన్నలేదు, కదలలేదు. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాను. నేను ఇచ్చిన మాట దాదాపు నిలబడింది.

"జర మంచిగ జూడు బిడ్డా" అంది. అంతవరకు నన్ను మేడం అనేది.

మళ్ళీ చూశాను. పుంజు మెడ మీద పెట్టిన చెయ్యి ఆమె తియ్యడం లేదు. జర మంచిగ జూడు అని రెండోసారి అంది. ఆమె ఏం అడుగుతోందో నాకు అప్పుడు అర్థమైంది.

"ఎడమది వరి గింజంత పొట్టిగుంది అవ్వా" అన్నాను.

"గింజంతయినా లోపం లోపమే గద?"

కొలత చెప్పడం నా పని, మిగతాది నువ్వూ పోచమ్మా చూసుకోవాలి అన్నాను. లోపమున్నదాన్ని అమ్మకు ఎట్ల ఇస్తా, సాయిలును అంగడికి తోలి నిండు పుంజును తెప్పిస్తా అంది. మొక్కు ఆదివారమే తీర్చింది. తన పుంజును మాత్రం ఆ పూటే మళ్ళీ చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆ రోజు రిజిస్టరులో ఇలా రాశాను: పుంజు ఒకటి, ఎడమ ముల్లు కుడిదానికన్నా పొట్టి, చికిత్స అవసరం లేదు.

రిటైరయ్యేదాకా కొత్త పెట్టలు తెచ్చిన ప్రతి ఇంట్లో, పెట్టలను కాదు, పుంజును గంప కింద పెట్టమని చెప్పాను. కత్తెర తీసే ముందు ఈ కోడి ఎవరి కోసం పెంచుతున్నారని అడిగాను. రిజిస్టరులో రాసిన మాట నిజమే. ఇంకో నెల ఆగి చూస్తే రెండు ముళ్ళూ సమానమై ఉండేవని నాకు తెలుసు. లస్మవ్వ పుంజును మళ్ళీ చూపించడానికి తేలేదు, నేనూ తెమ్మనలేదు.